గ్రాంటు ఆలస్యమైతే వడ్డీ ఎవరిస్తారు?

పోయిన నెలలో గ్రాంటు సంగతి కనుక్కుందామని నెల్లూరులో ఒక ఆఫీసుకు వెళ్లాను. కావలికి దగ్గర్లో మా స్నేహితులు మానసిక దివ్యాంగ పిల్లలకు ఒక హోము, దాంతోపాటు స్కూలు నడుపుతున్నారు. పదకొండేళ్లుగా దాని లెక్కలు రాసేది నేనే. సాయంత్రం ఒక గంట, ఆదివారం ఒక పూట అక్కడ కూర్చుంటాను. కేంద్రం వాటా, రాష్ట్రం వాటా కలిసి మాకు రావలసిన గ్రాంటులో ఒక విడత రెండేళ్లు దాటినా రాలేదు. ఫైలు ఏ బల్ల మీద ఉందో తెలిస్తే చాలనుకుని వెళ్లాను.

అక్కడి అధికారి మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఫైలు తీయించి చూసి, మీ కాగితాల్లో లోపమేమీ లేదని కూడా చెప్పాడు. ఆ తర్వాత అన్న మాట ఇది: "జీతాలకు, పెన్షన్లకే చాలక అప్పు తెస్తా ఉంటే, మీ సంస్థలకు యాడనుంచి తెచ్చియ్యమంటారు సార్?"

తిరుగు బస్సులో పెన్నా వంతెన దాటి కోవూరు వచ్చేదాకా ఆ మాటే చెవిలో తిరిగింది. కొడవలూరు దాటేసరికి మనసులో ఒక లెక్క కూడా వేసేశాను. రిటైరైన ఒక ఉద్యోగికి వచ్చే నెల పెన్షన్‌తో మా హోములో ఎంతమంది పిల్లలు నెలంతా అన్నం తింటారు అని. కోపం ఎటు తిరిగిందో అప్పటికి నాకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వరండాలో కూర్చుని ఉంది. మావాడి చేత ఏటీఎం నుంచి తెప్పించుకున్న డబ్బులోంచి రెండు ఐదువందల నోట్లు తీసి నా చేతిలో పెట్టింది. "ఇవి స్కూలువి నాయనా. రసీదు మీ నాయన పేరుతో రాయి" అంది.

అమ్మది ఫ్యామిలీ పెన్షన్. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడుగా రిటైరయ్యారు. ఆయన పోయిన దగ్గర్నుంచి ప్రతి నెలా అమ్మ ఆ వెయ్యి ఇస్తోంది. ఆ రోజు రసీదు రాస్తుంటే చెయ్యి ఆగింది. బస్సులో నేను ఎవరి మీద కోపం పెంచుకుంటూ వచ్చానో ఆ మనిషి నా ఎదురుగా ఉంది.

అప్పటినుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. పెన్షన్ల భారం వల్ల స్వచ్ఛంద సంస్థల గ్రాంట్లు ఎండిపోతున్నాయా? ఎండిపోతుంటే, దానికి జవాబు పెన్షన్లను తగ్గించమనడమేనా?

ఆ మాటలో ఉన్న నిజం

ముందు ఆ అధికారి వైపు నుంచే చూస్తాను, ఎందుకంటే ఆయన అబద్ధం చెప్పలేదు. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు నెల తిరిగేసరికి కట్టి తీరాల్సినవి. ఖజానాలో డబ్బు తక్కువైనప్పుడు మామూలుగా వీటి జోలికి ఎవరూ పోరు. ఆగేవన్నీ ఆపగలిగినవే. కాంట్రాక్టర్ బిల్లు ఆగుతుంది, హాస్టల్ మరమ్మతు ఆగుతుంది, మా గ్రాంటు ఆగుతుంది. చాలా పథకాల్లో కేంద్రం 60 పైసలు వేస్తే రాష్ట్రం 40 పైసలు కలపాలి. ఆ నలభై కలవకపోతే తర్వాతి అరవై కూడా కదలదు. అంటే ఖజానాలో ఒక రూపాయి లోటు వస్తే, కింద మా దగ్గర అది రెండున్నర రూపాయల లోటుగా దిగుతుంది.

2022 జనవరిలో మన రాష్ట్రం రిటైర్మెంట్ వయసును 60 నుంచి 62కి పెంచింది. ఉద్యోగులకు మేలు అని కొందరు, నిరుద్యోగులకు దెబ్బ అని కొందరు అన్నారు. లెక్కలు రాసేవాడిగా నాకు కనిపించింది ఇంకొకటి. ఒక్కో మనిషికి ఒకేసారి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) సొమ్ము మొత్తం రెండేళ్లు వెనక్కి జరిగింది. అంత పెద్ద బరువు ఇది.

ఇక పాత పెన్షన్ గొడవ. మా బామ్మర్ది ప్రకాశం జిల్లాలో టీచరు. 2003 డీఎస్సీ వాడు. నోటిఫికేషన్ 2003లో వచ్చింది, ఉద్యోగంలో చేరింది మాత్రం 2004 సెప్టెంబరు ఒకటి దాటాక. ఆ ఒక్క తేదీ వల్ల సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి నెలనెలా కొంత కోసి జమచేసే కొత్త పెన్షన్ పద్ధతిలో పడ్డాడు. వాడి బాధ ఎంతటిదో నాకు తెలుసు. అయినా రిజర్వు బ్యాంకు వాళ్ల 2023 సెప్టెంబరు వ్యాసం వాడికి చదివి వినిపించాను. రాష్ట్రాలన్నీ పాత పెన్షన్‌కు మళ్లితే మొత్తం భారం కొత్త పద్ధతిలో పడేదానికి నాలుగున్నర రెట్ల దాకా పోవచ్చని, 2060 నాటికి అదనపు భారం ఏటా దేశ జీడీపీలో 0.9 శాతానికి చేరవచ్చని అందులో రాశారు. విని కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "అది నా తప్పా బావా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ అంకె నిజం. రేపటి బడ్జెట్‌లో మా హోములాంటి వాటికి ఉండే చోటు ఇంకా ఇరుకవుతుంది.

ఇక్కడ ఒక మాట. మన ఊళ్లలో పించను అంటే జనానికి గుర్తొచ్చేది ఒకటో తారీకున ఇంటికి తెచ్చిచ్చే 4,000 రూపాయలు. దాని సంగతి వేరు. నేను మాట్లాడుతున్నది రిటైరైన ఉద్యోగుల పెన్షన్ గురించి. కాకపోతే ఆఫీసుల్లో "పెన్షన్లకే చాలడం లేదు" అన్నప్పుడు రెండూ కలిపేసి అంటారు. వినేవాళ్లు ఎవరికి తోచిన పెన్షన్ మీద వాళ్లు కోపం తెచ్చుకుంటారు.

అర శాతం

కోపం తగ్గాక బడ్జెట్ కాగితాలు తీశాను. కేంద్రం 2024-25 బడ్జెట్‌లో పెన్షన్లకు పెట్టింది దాదాపు 2 లక్షల 43 వేల కోట్లు. అందులో సగానికి పైగా సైన్యంలో చేసి వచ్చినవాళ్లవి. అదే ఏడాది దేశం మొత్తానికి దివ్యాంగుల సాధికారత శాఖకు కేటాయించింది 1,225 కోట్లు. సంస్థల గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు, జాతీయ సంస్థల జీతాలు అన్నీ దాంట్లోనే. రెండూ పక్కపక్కన రాసి భాగించి చూశాను. పెన్షన్ల ఖర్చులో అర శాతం.

ఇది చూశాక ఆ అధికారి మాట నాకు ఇంకోలా వినిపించింది. పెన్షన్లు అంత పెద్దవి కాబట్టి మీకు మిగల్లేదు అన్నాడాయన. మా వాటా ఇంత చిన్నది కదా, దాన్ని ఆపినందువల్ల మిగిలేదెంత? గంగాళంలో చెంబుడు నీళ్లు. మా విడత ఆపేసి ఏ ప్రభుత్వమూ పెన్షన్లు కట్టలేదు. మాది ఆపడం సులువు, అందుకే ఆగింది. ఆపితే అడిగేవాళ్లు లేరు. ఇంకో కారణం వెతకాల్సిన పని లేదు.

షికాగో నుంచి ఫోను

మా అక్క కొడుకు షికాగో దగ్గర ఉంటాడు. ఆదివారం ఫోను చేసినప్పుడు ఈ సంగతి చెబితే, "మామయ్యా, మా రాష్ట్రం కథ విను" అన్నాడు. వాడు చెప్పింది విన్నాక నేనూ కూర్చుని చదివాను.

ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ నిధులకు దాదాపు 14,000 కోట్ల డాలర్ల లోటు ఉంది. పెన్షన్‌ను తగ్గించకూడదని 1970లోనే వాళ్ల రాజ్యాంగంలో రాసుకున్నారు. 2013లో తగ్గిస్తూ చట్టం చేస్తే, 2015 మే నెలలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. అది జరిగిన రెండు నెలలకే గవర్నరుకూ శాసనసభకూ పడక బడ్జెట్టే ఆగిపోయింది. రెండేళ్లకు పైగా, 2017 జూలై దాకా.

ఆ రెండేళ్లలో రిటైరైనవాళ్లకు పెన్షన్ ఆగలేదు. బడ్జెట్ ఉన్నా లేకపోయినా పెన్షన్ నిధులకు డబ్బు వెళ్లేలా అక్కడ ముందే చట్టం ఉంది. ముసలివాళ్లకు ఇంటికి వెళ్లి సేవ చేసే సంస్థలకు, మత్తు మాన్పించే కేంద్రాలకు మాత్రం అలాంటి చట్టమేదీ లేదు. ఒప్పందం ప్రకారం పని చేసేసినా డబ్బు రాలేదు. లూథరన్ సోషల్ సర్వీసెస్ అనే పెద్ద సంస్థ 2016 జనవరిలో 30కి పైగా కార్యక్రమాలు మూసేసి 750 మందికి పైగా మనుషుల్ని తీసేసింది.

మావాడు దీన్ని పెన్షన్లు సంస్థల్ని మింగేసిన కథగా చెప్పాడు. నాకు అలా అనిపించలేదు. బడ్జెట్ ఆగింది రాజకీయ పంతం వల్ల. పెన్షన్ లోటు పేరుకుంది ఏళ్ల తరబడి ప్రభుత్వాలు తమ వాటా కట్టకపోవడం వల్ల. రిటైరైన టీచరు ఆ రెండిట్లో దేనికీ కారణం కాదు. తుఫాను వచ్చింది, ఒకరి ఇంటికి పైకప్పు ఉంది, ఇంకొకరి ఇంటికి లేదు. తడిసినవాళ్లు పక్కింటి పైకప్పు పీకమని అడగడం న్యాయమా?

వడ్డీ

మనకూ ఆ పైకప్పు ఉంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు సంపాదించుకున్న హక్కని తేల్చింది. ఆ తేదీనే పెన్షనర్ల దినంగా జరుపుకుంటారు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మీటింగుకు వెళ్లేవారు.

ఆ హక్కు ఎంత గట్టిదో 2020లో చూశాను. లాక్‌డౌన్ పెట్టిన కొత్తల్లో మన రాష్ట్ర ప్రభుత్వం జీతాల్లో, పెన్షన్లలో కొంత భాగం వాయిదా వేసింది. అమ్మ ఫోనుకు వచ్చిన మెసేజిలో అంకె తగ్గిపోయి ఉంటే బ్యాంకు వాళ్లు పొరపాటు చేశారేమో అనుకున్నాం. రిటైరైన ఒక జిల్లా జడ్జి హైకోర్టుకు వెళ్లారు. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇమ్మంది హైకోర్టు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, కట్టక తప్పదంది. దేశమంతా మూతపడిన రోజుల్లో, ఆదాయం పడిపోయిన ప్రభుత్వం, నెలల ఆలస్యానికి వడ్డీ కట్టాల్సి వచ్చింది. అది మంచి తీర్పు. అలాగే ఉండాలి.

ఇప్పుడు మా వైపు చూడండి. గ్రాంటు ఏడాది ఆలస్యమైనా, రెండేళ్లు ఆలస్యమైనా ఒక్క పైసా వడ్డీ లేదు. ఈలోపు కిరాణా కొట్టు శెట్టి దగ్గర బాకీ, టీచర్ల జీతాలకు హోము నడిపే మా మాస్టారు తన పొలం కాగితాలు పెట్టి తెచ్చిన అప్పు, దాని మీద నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ వడ్డీని గ్రాంటు ఖర్చులో చూపించడానికి కుదరదు. చూపిస్తే ఆడిట్‌లో ఆబ్జెక్షన్.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల ప్రకారం, గ్రాంటు సొమ్ము బ్యాంకులో ఉన్నన్నాళ్లూ దాని మీద వచ్చిన వడ్డీని సంస్థ తిరిగి ప్రభుత్వానికి కట్టేయాలి. నిరుడు మా ఖాతాలో కేంద్రం వాటా మీద 212 రూపాయల వడ్డీ పడింది. భారత్‌కోష్ పోర్టల్‌లో కట్టి, చలానా ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. అది కట్టకపోతే యూసీ, అంటే గ్రాంటు ఖర్చుపెట్టినట్టు మేమిచ్చే ధ్రువపత్రం, తీసుకోరు, యూసీ లేకపోతే తర్వాతి విడత ఉండదు. వాళ్ల డబ్బు మా దగ్గర నాలుగు రోజులు ఉంటే వడ్డీ వాళ్లది. మా డబ్బు వాళ్ల దగ్గర రెండేళ్లు ఉంటే ఆ ఊసే లేదు.

చిన్న పరిశ్రమలకు 2006లో చట్టం వచ్చింది. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఆటోనగర్‌లో బోల్టులు చేసి అమ్మేవాడికి ఆ రక్షణ ఉంది. ప్రభుత్వం చూసుకోవాల్సిన పిల్లల్ని ప్రభుత్వం బదులు చూసుకునే సంస్థకు లేదు. కాగితం మీద మాకొచ్చే డబ్బుకు పెట్టిన పేరు సహాయం. సహాయం ఆలస్యమైందని నిలదీయడానికి నోరు రాదు.

ఈ పేరులోనే ఉంది చిక్కంతా. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టుగా తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు పని పెట్టి కూలి ఇచ్చాడు. ఆ కథను మా ప్రాంతంలో మతం కోణంలోనే చెప్పుకుంటారు. నాకు నచ్చేది దానిలోని పద్ధతి. సేవే చేశాడు, కానీ సర్కారుతో పెట్టుకున్నది కాంట్రాక్టు. తవ్విన మట్టికి లెక్క ఉంటుంది, లెక్కకు డబ్బు ఇచ్చి తీరాలి. నూట యాభై ఏళ్ల తర్వాత మేం రోజూ తవ్వే మట్టికి ఆ లెక్క కూడా లేదు.

రిజిస్టరులో ఉన్న పేర్లు

అమ్మ రసీదు రాసిన రాత్రి దాతల రిజిస్టరు మొదటి పేజీ నుంచి తిరగేశాను. నెలనెలా తప్పకుండా ఇచ్చేవాళ్లలో సగం మందికి పైగా పెన్షనర్లే. రిటైరైన హెడ్మాస్టర్లు, రైల్వేలో చేసి బిట్రగుంటలో ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఒక నర్సమ్మ, విద్యుత్ శాఖ లైన్‌మన్ ఒకాయన. ఐదు వందలు, వెయ్యి. వ్యాపారం చేసేవాళ్లు ఒక్కోసారి పెద్ద మొత్తం ఇస్తారు, ధరలు పడిపోయిన ఏడాది ఇవ్వలేరు. రొయ్యల రేటు పడిపోతే మా దగ్గర చందాలు ఎలా తగ్గుతాయో నాకు బాగా తెలుసు. పెన్షనర్ల డబ్బు మాత్రం ఏ నెలా తప్పలేదు, ఎందుకంటే వాళ్లకు వచ్చేది ఏ నెలా తప్పదు.

అంటే ఆ రెండేళ్లూ గ్రాంటు రాకపోయినా మా తలుపులు తెరిచి ఉంచింది పెన్షనే. ఏ ఖర్చు వల్ల మాకు డబ్బు లేదని ఆ అధికారి అన్నాడో, ఆ ఖర్చులోంచే మాకు బియ్యం వచ్చాయి.

దీన్ని పెద్దది చేసి చెప్పను. అందరు పెన్షనర్లూ ఇవ్వరు, ఇవ్వాలని లేదు. పెన్షన్ మీద కొడుకు అప్పులు తీర్చేవాళ్లు, మందులకే సగం పోయేవాళ్లు ఎంతోమంది. పైగా చందాలతో నడిచేటట్టయితే గ్రాంటు అడగడం దేనికని ఎవరైనా అంటే, అది సబబైన ప్రశ్నే. నెల్లూరులో పొణకా కనకమ్మగారు 1923లో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది దేశసేవగానే కదా, ఈ నేలకు దాతలు కొత్త కాదు కదా అంటారు.

దానికి నా రిజిస్టరులోనే జవాబు ఉంది. పుట్టినరోజు భోజనాలకు మా దగ్గర తేదీలు దొరకవు. పెళ్లిరోజు, తద్దినం, మనవడి అన్నప్రాసన, అన్నీ ముందే రాయించుకుంటారు. గదికి పాలరాయి పేరుపలక పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఇన్నేళ్లలో ఒక్కరు కూడా "జూన్ నెల ఆయా జీతం నేనిస్తాను" అనలేదు. ఫిట్స్ మాత్రల బిల్లు, పెద్దపిల్లల డైపర్లు, ఫిజియోథెరపిస్టు బస్సు చార్జీ, వీటికి దాత దొరకడు. పిల్లవాడికి మూడు నెలలు రోజూ నేర్పితే చెంచా పట్టుకుని తినడం వస్తుంది. ఆ మూడు నెలలూ నేర్పిన మనిషికి జీతం కావాలి. గ్రాంటు కావలసింది అందుకు. నలభై మూడు మంది పిల్లలకు ఒక పూట కూరా అన్నం పెట్టడానికి ఊరు చాలు. మిగతా దానికి ప్రభుత్వం కావాలి.

డబ్బు నేరుగా తల్లిదండ్రుల చేతికే ఇస్తున్నారు కదా, దివ్యాంగుల పించను 6,000 అయింది కదా అంటారు. అది మంచిదే, చాలా ఇళ్లలో ఆ డబ్బుతోనే పొయ్యి వెలుగుతోంది. జలదంకి వైపు నుంచి ఒకావిడ తన పన్నెండేళ్ల కొడుకును రోజూ ఆటోలో తెచ్చి దించుతుంది. మేం లేకపోతే ఆ ఆరు వేలతో ఆమె ఏం కొనుక్కోగలదు? కావలి మొత్తంలో అలాంటి పిల్లవాడికి మాట నేర్పే మనిషి డబ్బిచ్చినా దొరకదు. కొనడానికి డబ్బు ఇచ్చి, కొనేదాన్ని మూసేస్తే ఎలా?

దొంగ సంస్థల మాట

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ ప్రశ్న. గ్రాంటును హక్కులా చేస్తే, బోర్డు తప్ప ఏమీ లేని సంస్థలు బాగుపడవా? అలాంటివి నేనూ చూశాను. ఇన్‌స్పెక్షన్ రోజున పక్క ఊరి బడి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టిన చోటు ఒకటి నాకు తెలుసు. వాళ్ల వల్లే మమ్మల్ని కూడా దొంగల్లా చూస్తారు. ప్రతి సంచి బియ్యానికీ రసీదు అడిగితే నేను నొచ్చుకోను. అడగాలి.

కానీ నా అనుభవంలో ఆలస్యం దొంగల్ని చంపదు. పిల్లలే లేని సంస్థకు రెండేళ్లు డబ్బు రాకపోతే పోయేదేముంది? దానికి రోజూ పెట్టాల్సిన అన్నం లేదు. తిరిగి తిరిగి ఎప్పటికో రాబట్టుకుంటుంది. నిజంగా పిల్లలున్న సంస్థే ఈలోపు అప్పుల్లో కూరుకుపోయి మూతపడుతుంది. కాబట్టి తనిఖీ ఎంత గట్టిగానైనా పెట్టండి, పెట్టే ముందు చెప్పకుండా రండి. తనిఖీలో నెగ్గినవాళ్లకు మాత్రం తేదీ ప్రకారం ఇవ్వండి. ఇవి రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

ఇంకో అభ్యంతరం మా బామ్మర్దిది. ఇదంతా ప్రభుత్వమే ఉద్యోగుల్ని పెట్టి చేయాలి గానీ, తక్కువ జీతాలకు సంస్థల చేత చేయించుకోవడం ఏమిటని. వాడు చెప్పిందాంట్లో న్యాయముంది. మా దగ్గర పనిచేసే ఒక టీచరు ఇంతకుముందు మార్కాపురం వైపు బాలకార్మికుల బ్రిడ్జి స్కూల్లో చెప్పేది. పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లల కోసం 1988లో మొదలైన జాతీయ పథకం అది. మొదట ఎంచుకున్న ప్రాంతాల్లో మార్కాపురం ఒకటి. 2021లో ఆ పథకాన్ని సమగ్ర శిక్షలో కలిపేశారు. పిల్లలకు బడి ఉంది. ఏళ్ల తరబడి గౌరవ వేతనం మీద చెప్పినవాళ్లకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, ఇంకో ఉద్యోగమూ లేదు. గౌరవ వేతనం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది.

మా హోములో పాతికేళ్లుగా ఉన్న ఆయాకు వచ్చే ఏడాది అరవై నిండుతాయి. మొత్తం సిబ్బంది ఇరవై మంది లేరు కాబట్టి పీఎఫ్ వర్తించలేదు. మేమే ఏదో ఒకటి చేయాల్సింది, చేయలేదు. అది మా తప్పు. ప్రభుత్వ హాస్టల్లో ఇదే పని పర్మినెంటుగా చేసినామెకు పెన్షన్ ఉంటుంది. ఈమెకు దొరికేది ఊళ్లో అందరితోపాటు నాలుగు వేల పించను. "అరవై రాంగానే నాది రాపిస్తావా అయ్యా?" అని ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

రోడ్డెక్కనివాళ్లు

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మా బామ్మర్దితో ఇదంతా మళ్లీ మాట్లాడాను. వాడు సీపీఎస్ మీద విజయవాడ దాకా వెళ్లి ధర్నాల్లో కూర్చున్నవాడు. నేను చెప్పిందంతా విని ఒకటే అడిగాడు. "పెన్షన్ మాకెవరూ ఊరికే ఇవ్వలేదు బావా. కోర్టుల చుట్టూ తిరిగి, రోడ్డెక్కితే వచ్చింది. మీరు ఎప్పుడన్నా ఎక్కారా?"

ఎక్కలేదు. ఎక్కలేం. టీచర్లు ఒక రోజు సమ్మె చేస్తే బడికి సెలవు. మేం ఒక రోజు సమ్మె చేస్తే నలభై మూడు మందిని ఎవరు లేపి, ఎవరు కడిగి, ఎవరు తినిపిస్తారు? ఈ సంగతి ఖజానాలో కూర్చున్నవాళ్లకు తెలుసు. మేం ఎలాగోలా నడుపుతామని, నడపకుండా ఉండలేమని తెలుసు కాబట్టే మాది చివర్లో పెడతారు. మా పిల్లలకు ఓటు వేయడం రాదు, ఊరేగింపులో నడవడం రాదు, కొందరికి తమ పేరు కూడా చెప్పడం రాదు.

అందుకే పెన్షనర్లూ మేమూ ఎదురెదురుగా నిలబడటం నాకు ఇష్టం లేదు. వాళ్ల దగ్గర మాకు కావలసింది ఉంది. హక్కు ఎలా సంపాదించాలో వాళ్లకు తెలుసు. ఒక కాగితం రాశాను. అందులో అడిగినవి రెండే. తనిఖీ పూర్తయి, యూసీ ఇచ్చిన సంస్థకు మంజూరైన విడత 45 రోజుల్లో రావాలి. దాటితే, కోర్టు పెన్షనర్లకు ఇప్పించిన ఆ 6 శాతమే మాకూ ఇవ్వాలి. ఎక్కువ అడగలేదు. జీతాల పద్దులో ఆయాలకు పీఎఫ్ వాటా కూడా చేర్చమని మూడోది రాసి, మొదటి రెండూ తేలనీ అని మాస్టారు అంటే కొట్టేశాను. కొట్టేసినందుకు ఇప్పటికీ మనసు బాగాలేదు. మళ్లీ రాస్తానేమో.

బామ్మర్ది దాన్ని రెండుసార్లు చదివాడు. వాళ్ల సంఘం డిమాండ్ల పత్రంలో దీన్ని కూడా ఒక లైనుగా పెట్టమని అడుగుతానన్నాడు. ఒప్పుకుంటారో లేదో తెలియదన్నాడు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. కాగితానికి రెండు జతచేశాను. ఒకటి, రెండేళ్ల కిందట మా విడత మంజూరు చేసినట్టు ఇచ్చిన ఉత్తర్వు. రెండోది 212 రూపాయల వడ్డీ మేం ప్రభుత్వానికి కట్టిన చలానా. ఒకదాని కింద ఒకటి పెట్టి పిన్ను కొట్టాను. బామ్మర్ది ఆ రోజు సెలవు పెట్టి ఒంగోలు నుంచి నేరుగా నెల్లూరు వస్తానన్నాడు.